టెక్ సందేహాలు: నాలుగో నంబరులోనే తిరిగే ఫ్యాన్, దానంతట అదే ఆన్ అయ్యే ఏసీ

ఎండలు ముదిరిన దగ్గర్నుంచి ఈ శీర్షికకు ఫోన్ల సందేహాల కంటే కార్ల ఏసీల గొడవలే ఎక్కువగా వస్తున్నాయి. ఈ కింది మొదటి ప్రశ్ననైతే ఊరు పేరు మార్చి ఎంతమంది పంపారో లెక్కపెట్టడం మానేశాను.

విజయవాడ పాఠకుడు: "మా కారులో ఏసీ ఫ్యాన్ 1, 2, 3 నంబర్లలో తిరగదు. 4లో పెడితే మాత్రం హోరెత్తిపోతుంది. బ్లోయర్ మోటారు మార్చాలని మెకానిక్ అంటున్నారు. ఆన్‌లైన్‌లో బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారు లోపాల కోడ్లను చదివి ఫోన్‌లో చూపించే పరికరం) కొని పెట్టి చూస్తే ఏ లోపమూ లేదని చూపిస్తోంది. ఎవరి మాట నమ్మాలి?"

ఇద్దరి మాటా నమ్మవద్దు. మోటారే చెడిపోయి ఉంటే 4లో మాత్రం అంత హోరున ఎలా తిరుగుతుంది? నాబ్ తిప్పే మామూలు ఏసీల్లో కింది మూడు వేగాలకు కరెంటు దాన్ని తగ్గించే రెసిస్టర్ అనే భాగం గుండా వెళ్తుంది, అన్నిటికంటే పై వేగానికి మాత్రం ఆ రెసిస్టర్ జోలికి పోకుండా నేరుగా మోటారుకు చేరుతుంది. కాబట్టి మీ కారులో పోయింది ఆ రెసిస్టరో, దాని మీదున్న థర్మల్ ఫ్యూజో (మితిమీరి వేడెక్కితే తెగిపోయే ఫ్యూజు) అయి ఉంటుంది. అది ఎందుకు పోయిందన్నది మాత్రం తేల్చుకోవాలి. ఆ రెసిస్టర్‌ను బ్లోయర్ గాలి తగిలేచోటే బిగిస్తారు, ఎందుకంటే దాని వేడిని చల్లార్చేది ఆ గాలే. కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టే కేబిన్ ఫిల్టర్ మూసుకుపోయి గాలి తగ్గినా, మోటారు బేరింగు బిగుసుకుపోయి ఎక్కువ కరెంటు లాగుతున్నా అది మళ్లీ కాలిపోతుంది. కొత్తది వేయించేటప్పుడు దాని ప్లగ్గును పట్టి చూడండి, ప్లాస్టిక్ పసుపు పచ్చగానో నల్లగానో మారి కరిగి ఉంటే దాన్నీ మార్పించండి. ఫ్యూజు పోయినచోట తీగముక్క అతికించి "ఇక మీకు ఇబ్బంది ఉండదు" అనే షెడ్డు నుంచి కారును వెంటనే బయటికి తెచ్చేయండి, అది డాష్‌బోర్డు వెనుక నిప్పు పెట్టుకోవడమే.

ఫిల్టర్‌ను మీరే చూసుకోవచ్చు, చాలా కార్లలో అది గ్లోవ్ బాక్స్ వెనుకే ఉంటుంది. రెండేళ్లు వేపచెట్టు కింద నిలిపిన మా పాత కారులోంచి నేను దాన్ని బయటికి లాగినప్పుడు ముందు గుప్పెడు ఎండుటాకులు ఒళ్లో పడ్డాయి, ఆ తర్వాత ఎలుక కొరికి పోగుచేసిన దూదిలాంటి ముద్ద ఒకటి వచ్చింది. ఆ ముక్కవాసనకు అంతకుముందు డాష్‌బోర్డు మీద మూడు రకాల సెంట్లు పెట్టి ఉన్నాను. కాగితపు ఫిల్టర్‌ను నీళ్లతో కడిగి తిరిగి పెట్టడం మాత్రం పొదుపు కాదు.

ఇక ఆ స్కానర్ సంగతి. ఓబీడీ కోడ్లలో ఇంజన్‌వి పీ అక్షరంతోనూ, కేబిన్ వంటి బాడీ భాగాలవి బీ అక్షరంతోనూ మొదలవుతాయి. చౌక స్కానర్లు చాలావరకు మొదటి రకాన్నే చదువుతాయి కనుక అది "లోపం లేదు" అన్నది ఇంజన్ గురించి మాత్రమే. పైగా నాబ్ ఏసీలో కాలిన రెసిస్టర్ ఏ కోడ్‌నూ నమోదు చేయకపోవచ్చు. ఆ స్కానర్‌ను వెంటనే పీకేయండి. స్టీరింగ్ కింది ఆ సాకెట్‌లో 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది, కారు ఆపి తాళం వేసి వెళ్లినా మీ స్కానర్ బ్లూటూత్‌లో ఎవరైనా పలకరిస్తారేమోనని మేలుకునే ఉంటుంది. ఇలాంటి వాటిలో ఎన్నింటికో పాస్‌వర్డు 1234 లేదా 0000. ఇంటి వీధి తలుపుకు తాళం వేసి తాళంచెవిని గుమ్మానికే వేలాడదీసినట్టుంది ఇది.

హైదరాబాద్ పాఠకురాలు: "కారు స్టార్ట్ చేయగానే డాష్‌బోర్డు వెనుక పది సెకన్లపాటు టిక్‌టిక్‌మని శబ్దం. నావైపు చల్లగాలి, పక్కసీటు వైపు వేడిగాలి. గ్యాస్ ఎక్కించాలా?"

బానెట్ ఎత్తి ఏసీ గొట్టాల్లో లావుదాన్ని తాకి చూడండి. అది చల్లగా ఉండి చెమ్మ పట్టి ఉంటే గ్యాస్ ఉన్నట్టే. అప్పుడు అనుమానించవలసింది వేడిగాలినీ చల్లగాలినీ కలిపే తలుపును తిప్పే చిన్న మోటారును. దాని ప్లాస్టిక్ పళ్లు అరిగితే, స్టార్ట్ చేసిన ప్రతిసారీ తలుపు చివరల కోసం వెతుక్కుంటూ అది అలా టిక్కుమంటుంది. గొట్టం గోరువెచ్చగా ఉంటే మాత్రం గ్యాస్ తగ్గి ఉండవచ్చు, అప్పుడు కూడా ముందు లీకేజీ ఎక్కడో కనిపెట్టాకే గ్యాస్ ఎక్కించనివ్వండి.

కరీంనగర్ పాఠకుడు: "సెకండ్ హ్యాండ్‌లో కొన్న నా కారు ఆఫీసు బయట నిలిపి ఉండగానే మధ్యాహ్నం ఏసీ దానంతట అదే ఆన్ అవుతోంది. సెన్సర్ లోపమని షోరూమువారు అంటున్నారు."

కావచ్చు. కానీ నాకు సెన్సర్ మీద కంటే పాత యజమాని ఫోన్ మీదే అనుమానం. బయలుదేరే ముందే కారు చల్లబడేలా ఆయన తన ఫోన్‌లోని కారు యాప్‌లో రోజూ ఒక వేళ పెట్టుకుని ఉంటే, అమ్మిన తర్వాతా ఆ ఆదేశం అలాగే నడుస్తుంటుంది. ఆయనకు దురుద్దేశం లేకపోవచ్చు, యాప్ ఉందన్న సంగతే మరిచిపోయి ఉండవచ్చు. అయితే ఏసీని ఆన్ చేయగల ఆ యాప్‌లోనే మీ కారు ఎక్కడుందో, తలుపులకు తాళం పడిందో లేదో కూడా సాధారణంగా కనిపిస్తాయి.

దీన్ని నేను ఊరికే పెద్దది చేయడం లేదు. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వలాసెక్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో హైవే మీద పోతున్న ఒక ఎస్‌యూవీని పది మైళ్ల దూరంలో కూర్చుని నెట్ ద్వారా చేజిక్కించుకున్నప్పుడు, లోపలున్న విలేఖరికి మొట్టమొదట తెలిసివచ్చిన గుర్తు ఏసీ ఒక్కసారిగా గరిష్ఠ స్థాయిలో చల్లగాలి కొట్టడమే. ఇంజన్ శక్తి చక్రాలకు అందకుండా పోయింది ఆ తర్వాత. ఆ కంపెనీ 14 లక్షల వాహనాలను వెనక్కి పిలవవలసి వచ్చింది. మరుసటి ఏడాది ఇంకో కంపెనీ విద్యుత్ కారు విషయంలో ఇంత కష్టం కూడా అక్కర్లేకపోయింది. ఆస్ట్రేలియాలో ఉన్న భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్, ఇంగ్లండ్‌లోని మిత్రుడి కారు ఏసీని పాస్‌వర్డు లేకుండా, కేవలం దాని గుర్తింపు నంబరుతో, అంటే చాసిస్ నంబరుతో, ఆన్ చేసి చూపించాడు. ఆ నంబరు కారు అద్దం మూలన అందరికీ కనబడేలా ఉంటుంది. మనవాళ్లు కారు అమ్మేటప్పుడు చాసిస్ నంబరుతో సహా ఆర్‌సీ ఫొటోను నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు! గాలి తిప్పే ఫ్యానే కదా అని దాని తలుపు తీసిపెట్టిన ఇంజనీర్లకు ఆ తలుపు ఇంట్లోకే తెరుచుకుంటుందని తోచలేదు.

ఏసీ నాబ్‌ను తీసేసి తెర మీద మూడో పేజీలో దాచడం, అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ దాన్ని ఇంకో మూలకు జరపడం నాకు మొదటినుంచీ నచ్చని పని. వానలో ముందు అద్దం మసకబారినప్పుడు బయటిగాలి బటన్ కోసం రోడ్డు వదిలి తెర చూడవలసి రావడం ఏం సౌకర్యమో దాన్ని గీసినవారే చెప్పాలి. ఆ నాబ్‌కు నెట్ కనెక్షన్ కూడా ఉండేది కాదు.

కరీంనగర్ మిత్రమా, తెర మీద ఫ్యాక్టరీ రీసెట్ చేసినంత మాత్రాన కంపెనీ సర్వర్‌లో పాత యజమాని పేరు చెరిగిపోతుందని అనుకోకండి. మీ పేరు మీదున్న ఆర్‌సీ చూపించి పాత ఖాతాను తొలగించమని షోరూములో రాతపూర్వకంగా అడగండి, ఆ తర్వాతే మీ ఖాతా తెరిచి షెడ్యూళ్లన్నీ ఖాళీగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఇదంతా అయ్యాక కూడా మధ్యాహ్నం ఏసీ ఆన్ అయితే, అప్పుడు సెన్సర్ చూడమనండి.