జకాత్ లెక్క: మసీదుకిచ్చిన లక్ష అందులోకి వస్తుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం గాజువాక. వయసు 41, ప్రైవేటు ఉద్యోగం. ఇన్నేళ్లూ రంజాన్‌లో ఇరవై, పాతిక వేలు పంచి జకాత్ (స్తోమతున్న ముస్లిం ఏటా తన ఆస్తిలోంచి తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం) తీరిందనుకున్నాను. ఈసారి లెక్క ప్రకారం ఇవ్వాలనుంది. సేవింగ్స్‌లో 1.40 లక్షలు, ఎఫ్‌డీ 6 లక్షలు (ఈ ఏడాది దాని వడ్డీ 41 వేలు), మ్యూచువల్ ఫండ్లు 8 లక్షలు, పీఎఫ్ 9 లక్షలు ఉన్నాయి. 5 లక్షల చీటీలో 11 నెలలు కట్టాను. డివిడెండ్ పోను 2.10 లక్షలయింది, ఇంకా పాడుకోలేదు. ఒక స్నేహితుడికి 1.50 లక్షలు చేబదులిచ్చాను, అడిగితే ఇస్తాడు. ఇంకొకడికిచ్చిన 60 వేలు మూడేళ్లుగా రావడం లేదు, వాడి పరిస్థితీ బాగాలేదు. మా ఆవిడకు 20 కాసుల బంగారం ఉంది. ఆనందపురం దగ్గర 200 గజాల స్థలం కొన్నాం, ఇల్లు కట్టుకోవచ్చు, లేదంటే పిల్లల చదువుకు అమ్ముకోవచ్చు అనుకుని. ఇంటి అప్పు 22 లక్షలుంది, నెలకు 24 వేలు కడుతున్నాను. క్రెడిట్ కార్డు బిల్లు 35 వేలు. మసీదు పునర్నిర్మాణానికి కమిటీవాళ్లు లక్ష అడుగుతున్నారు. చెల్లెలికి భర్త లేడు, ఇద్దరు పిల్లలతో వన్‌టౌన్‌లో ఉంటోంది. నా జకాత్ ఎంత? ఎవరికివ్వాలి?

జవాబు: మీరు రాసిన వివరాల ప్రకారం మీ మీద 44,000, మీ శ్రీమతి మీద 48,000 రూపాయలు వస్తాయి. మసీదుకిచ్చే లక్ష ఇందులోకి రాదు. చెల్లెలికిచ్చేది రావచ్చు, కానీ ముందు ఒకటి చూసుకోవాలి. లెక్కంతా హనఫీ మజ్‌హబ్ (సున్నీ ముస్లింల నాలుగు ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటి) పద్ధతిలో వేశాను, మన వైపు ఎక్కువమంది పాటించేది అదే కాబట్టి. అభిప్రాయ భేదం ఉన్నచోట చెప్తాను. అక్కడ మీ ఇమాం గారినో, ముఫ్తీ (మత విషయాల్లో తీర్పు చెప్పే పండితుడు) గారినో అడిగి ఖాయం చేసుకోండి.

మొదట నిసాబ్, అంటే జకాత్ తప్పనిసరయ్యే కనీస ఆస్తి. బంగారంలో ఏడున్నర తులాలు, వెండిలో యాభై రెండున్నర తులాలు. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆ తులం పాత తులం, 11.664 గ్రాములు. కొన్ని దుకాణాల్లో తులమంటే 10 గ్రాములే. దాంతో లెక్కేస్తే నిసాబ్ 75 గ్రాములకు పడిపోతుంది. సరైన అంకెలు బంగారం 87.48 గ్రాములు, వెండి 612.36 గ్రాములు. నగదు, పొదుపు కలగలిసి ఉన్నవారికి వెండి నిసాబే కొలత. లెక్క సులువుగా ఉండాలని వెండి గ్రాము 200 రూపాయలు, 22 క్యారెట్ల బంగారం గ్రాము 12,000 అనుకున్నాను. మీరు మాత్రం లెక్కేసే రోజు ధర వేసుకోండి. ఈ ధరకు వెండి నిసాబ్ 1,22,472 రూపాయలు. మీరు దాన్ని ఎప్పుడో దాటేశారు.

రెండోది, జకాత్ కుటుంబం మీద కాదు, మనిషి మీద. మీ శ్రీమతి బంగారం ఆమెది, దాని జకాత్ కూడా ఆమెదే. 20 కాసులంటే 160 గ్రాములు, 19.20 లక్షలు, అందులో 2.5 శాతం 48,000. తూకంలోంచి రాళ్ల బరువు తీసేయండి. తరుగు, మజూరీ కలపకండి. ఇవాళ అమ్మితే చేతికి ఎంతొస్తుందో అదే విలువ. ఒంటి మీద వేసుకునే నగలకు జకాత్ లేదని షాఫయీ తదితర మజ్‌హబ్‌లు అంటాయి, హనఫీలో మాత్రం ఉంది. ఆ 20 కాసుల్లో ఏదైనా మీ అమ్మాయికి రాసిచ్చినట్టుగా ఇచ్చేసి ఉంటే అది పిల్ల సొత్తు, తల్లి లెక్కలోకి రాదు. 'దాని పెళ్లికి ఉంచాం' అనుకోవడం ఇచ్చేసినట్టు కాదు. ఆమెకు సొంత ఆదాయం లేకపోతే మీరు ఆమె తరఫున కట్టవచ్చు, కాకపోతే ఆమెకు చెప్పి, ఆమె సరేనన్నాకే.

ఇప్పుడు మీ లెక్క. సేవింగ్స్, ఎఫ్‌డీ అసలు కలిపి 7.40 లక్షలు పూర్తిగా లెక్కలోకి వస్తాయి. చీటీ ఇంకా పాడుకోలేదు కాబట్టి కట్టిన 2.10 లక్షలు మీకు రావాల్సిన సొమ్ము కిందే లెక్క. (పాడుకుని డబ్బు తీసుకుని ఉంటే వ్యవహారం తిరగబడేది: చేతిలోని డబ్బు ఆస్తి, మిగతా వాయిదాలు అప్పు.) అడిగితే వచ్చే 1.50 లక్షల చేబదులు కలపాలి. రాని 60 వేలు ఇప్పుడొద్దు, చేతికొచ్చినప్పుడు చూద్దాం. మ్యూచువల్ ఫండ్ల 8 లక్షలు పూర్తిగా కలిపాను, అది జాగ్రత్త వైపు లెక్క. ఏళ్ల తరబడి ఉంచేవారు ఆ కంపెనీల నగదు, సరకు, రావాల్సిన బాకీల్లో తమ వాటా మీదే ఇవ్వాలని, అది తెలియకపోతే సుమారు 30 శాతం అనుకోవచ్చని కొందరు పండితుల మాట. అలా వేస్తే మీ జకాత్ 14,000 తగ్గి 30,000 అవుతుంది.

తప్పనిసరిగా జీతంలోంచి కోసే పీఎఫ్ చేతికొచ్చేదాకా లెక్కలోకి రాదన్నది ఇక్కడి ముఫ్తీల్లో ఎక్కువమంది మాట. మీరే అదనంగా కోయించుకుంటుంటే ఆ భాగం సంగతి అడగండి. ఆనందపురం స్థలం ఇప్పుడు కలపక్కర్లేదు. అమ్మడానికే అని ఖాయంగా అనుకుని కొన్న స్థలం సరకు కింద లెక్క, దాని మార్కెట్ విలువ మీద ఏటా జకాత్ ఉంటుంది. మీరు కొన్నప్పుడు రెండు ఆలోచనలూ ఉన్నాయి, అందుకే మినహాయింపు. రేపు అమ్మితే మాత్రం ఆ డబ్బు ఆ ఏడాది లెక్కలో చేరుతుంది.

ఇక అప్పు. 22 లక్షలూ తీసేస్తే మీకు జకాతే ఉండదు, ఇంటి అప్పున్న చాలామంది చేసేదీ అదే. ఇరవై ఏళ్లకు పరచిన అప్పును ఈ ఏడాది మీద మొత్తంగా మోపకూడదని, దగ్గర్లో కట్టాల్సిందే తీసేయాలని ఇప్పటి ముఫ్తీలు ఎక్కువమంది అంటారు. ఒక్క వాయిదా అనేవారున్నారు, పన్నెండు నెలల అసలు అనేవారున్నారు. పన్నెండు నెలల అసలే తీశాను. ఏడాదికి మీరు కట్టే 2.88 లక్షల్లో, వడ్డీ 8.5 శాతం అనుకుంటే, అసలు కిందికి పోయేది 1.05 లక్షలు. కచ్చితమైన అంకె మీ బ్యాంకు ఇచ్చే వాయిదాల పట్టికలో ఉంటుంది. కార్డు 35 వేలు కూడా తీస్తే 19 లక్షల్లోంచి 1.40 లక్షలు పోయి 17.60 లక్షలు మిగిలాయి. అందులో 2.5 శాతం 44,000.

ఈ రెండున్నర శాతం చాంద్రమాన సంవత్సరానికి, అంటే సుమారు 354 రోజులకు. ఏటా మార్చి 31న లెక్కేస్తానంటే 2.577 శాతం వేయాలి, మీకు 45,355 అవుతుంది. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది కాబట్టి 2030లో జనవరిలో ఒకటి, డిసెంబర్ చివర్లో ఒకటి మొదలవుతాయి. రంజాన్‌నే గడువుగా, అంటే జకాత్ ఏడాది నిండే రోజుగా పెట్టుకుంటే ఆ క్యాలెండర్ ఏడాదిలో రెండు జకాత్‌లు పడతాయి, గుర్తుంచుకోండి. గడిచిన సంవత్సరాల్లో తక్కువిచ్చారన్నది కూడా వదిలెయ్యకండి. పాత బ్యాంకు స్టేట్‌మెంట్లు చూసి ఏడాదికెంత తగ్గిందో అంచనా కట్టి రాసి పెట్టుకుని, మెల్లగా తీర్చండి.

ఎవరికివ్వాలి? ఖురాన్ తొమ్మిదో సూరాలో (అధ్యాయంలో), అరవయ్యో ఆయతులో (వాక్యంలో) ఎనిమిది రకాలవాళ్లను చెప్పారు: పేదలు, అక్కర ఉన్నవాళ్లు, అప్పుల్లో కూరుకున్నవాళ్లు, బాటసారులు, ఇలా. మసీదు గోడ అందులో లేదు. జకాత్ తీరాలంటే డబ్బు ఒక అర్హుడైన మనిషి సొంతం కావాలి. సిమెంటుకు సొంతదారు ఎవరు? కమిటీ అడిగిన లక్ష మంచిపనే, కానీ అది సదఖా, అంటే ఇష్టపూర్వక దానం. జకాత్‌తో సంబంధం లేకుండా వేరే జేబులోంచి, వీలైనంతే ఇవ్వండి. ఇంటి అప్పున్న మీరు ఒక్కసారిగా లక్ష ఇవ్వాలని నేననను, నెలకు రెండు వేలు చొప్పున రాసివ్వండి. బ్యాంకు ఖాతా మసీదు పేరునే ఉందా, ఎవరిదైనా సొంత ఖాతానా అన్నది చూసి ఇవ్వండి. పేదల వాటా తీసుకెళ్లి కట్టడంలో పెడితే మసీదూ మీది కాదు, జకాతూ తీరదు.

తల్లిదండ్రులు, తాత అమ్మమ్మలు, కన్నపిల్లలు, మనవలు, భార్యాభర్తలు: వీళ్లకు జకాత్ ఇవ్వకూడదు. చెల్లెలికి ఇవ్వొచ్చు. పైగా దానం, బంధుత్వం రెండింటి పుణ్యమూ దక్కుతుందని హదీసు (ప్రవక్త మాట). కానీ ఆమె దగ్గర ఏముందో ముందు చూడండి. నాలుగైదు కాసుల బంగారంతో పాటు బ్యాంకులో కాస్త డబ్బున్నా, రెండూ కలిపి వెండి నిసాబ్ 1.22 లక్షలు దాటితే ఆమె జకాత్‌కు అర్హురాలు కాకపోవచ్చు. అప్పుడు పిల్లల వైపు చూడండి. తండ్రి లేని చిన్నపిల్లలకు సొంత ఆస్తి లేకపోతే, తల్లికి ఉన్నా, వాళ్లు తీసుకోవచ్చు. వాళ్ల తరఫున తల్లి అందుకుంటుంది. ఫీజు నేరుగా స్కూల్లో కట్టెయ్యకండి, డబ్బు చెల్లెలి ఖాతాకు పంపి ఆమె చేతే కట్టించండి, లేదా కట్టమని ఆమె మీకు అప్పగించాక కట్టండి. ఇది జకాత్ అని ఆమెకు చెప్పక్కర్లేదు, మీ మనసులో నియ్యత్ (జకాత్ ఇస్తున్నానన్న సంకల్పం) ఉంటే చాలు. అన్న దగ్గర తీసుకున్న ఈ డబ్బు మీద ఆమెకు ఆదాయపు పన్నూ పడదు.

మిగిలింది రంజాన్ ఇరవై ఏడో రాత్రి మసీదు గేటు దగ్గర వందలు, అయిదువందలుగా పంచితే ఎవరికీ వారం దాటి ఉపయోగపడదు. ఒకరిద్దరి పని పూర్తయ్యేలా ఇవ్వండి. రోజువారీ వడ్డీకి తెచ్చి పూర్ణా మార్కెట్‌లో తోపుడుబండి నడిపేవాడి బాకీ మొత్తం తీర్చితే వాడి రోజు కూలి వాడికే మిగులుతుంది. కుట్టు తెలిసినామెకు మిషన్ కొనివ్వండి, కానీ ఆమె సొంతం చేసివ్వాలి, వాడుకోమని అరువుగా కాదు.

ఇస్లాంలో వడ్డీ నిషిద్ధం కాబట్టి 41 వేల వడ్డీని లెక్కలో కలపలేదు, జకాత్ కింద ఇవ్వనూకూడదు. పుణ్యం ఆశించకుండా, మతంతో నిమిత్తం లేకుండా అక్కరున్నవాళ్లకు వదిలెయ్యండి. కేజీహెచ్ (విశాఖలోని ప్రభుత్వాసుపత్రి) వార్డుల్లో మందులు కొనుక్కోలేనివాళ్లకు కొదవ లేదు. అయితే దానమిచ్చేసినా ఆ వడ్డీ మీ ఆదాయమే. ఏడాది వడ్డీ 50,000 దాటలేదు కాబట్టి బ్యాంకు టీడీఎస్ కోయదు, రిటర్న్‌లో మీరే చూపి పన్ను కట్టాలి. చూపకపోతే నోటీసు రావచ్చు.

పన్ను మినహాయింపు మీద పెద్ద ఆశ పెట్టుకోకండి. మనుషులకు నేరుగా ఇచ్చినదానికి లేదు. దానాలకు పన్ను మినహాయింపునిచ్చే 80జీ గుర్తింపున్న సంస్థకిచ్చినా పాత పన్ను విధానంలో ఉంటేనే, అదీ 2,000 దాటిన నగదుకు లేదు. ఒకే మతంవారి కోసం పెట్టిన ట్రస్టుకు మామూలుగా 80జీ రాదు. చరిత్రాత్మక ప్రార్థనామందిరాల మరమ్మతులకు ప్రభుత్వం నోటిఫై చేసినవాటికి వేరే వెసులుబాటుంది. పేటలోని మసీదుకు అది వర్తించదు.

ఇద్దరిదీ కలిపి 92,000. నెలకు 7,700 చొప్పున ఇప్పటినుంచే, జకాత్ నియ్యత్‌తో ముందస్తుగా ఇస్తూ పోవచ్చు, జూన్‌లో ఫీజులప్పుడు ఎక్కువ, మిగతా నెలల్లో తక్కువ. ఇచ్చిన తేదీ, మొత్తం ఒక నోటుబుక్కులో రాయండి; గడువు రోజున అసలు లెక్కేసి, తక్కువైతే కలిపివ్వండి. ఊరికే వేరే ఖాతాలో పక్కన పెడితే ఇచ్చినట్టు కాదు, ఆ సొమ్ము ఇంకా మీదే, గడువు రోజున దాన్నీ లెక్కలో కలపాలి.

ఆ 60 వేల స్నేహితుడి బాకీ 'మాఫ్' అనేసి జకాత్‌లో జమ కట్టుకుందామని అనిపిస్తుంది. హనఫీలో అది చెల్లదు. వాడు నిజంగా అర్హుడైతే జకాత్ డబ్బు వాడి చేతికివ్వండి, వాడిదయ్యాక మీ బాకీ తీర్చమని అడగండి. ఇస్తే మంచిదే. ఇవ్వకపోయినా మీ జకాత్ మాత్రం తీరినట్టే.