మాడ్రిడ్ నుంచి లిస్బన్‌కు 20 నిమిషాల్లో విమానం ఎలా చేరుతుంది?

నమస్కారమండీ. మీ టికెట్టులో మాడ్రిడ్‌లో ఉదయం 10:00కు బయలుదేరే విమానం లిస్బన్‌లో 10:20కే దిగుతున్నట్టు, తిరుగు ప్రయాణానికి మాత్రం 2 గంటల 20 నిమిషాలు పడుతున్నట్టు కనిపిస్తోందని, ఇది అచ్చుతప్పా అని అడిగారు. తప్పేమీ లేదు. విమానాల వేళలను ఎప్పుడూ ఆయా ఊళ్ల స్థానిక సమయంలోనే ముద్రిస్తారు. పోర్చుగల్ గడియారం స్పెయిన్ కంటే గంట వెనక ఉంటుంది కాబట్టి, వెళ్లేటప్పుడు కాగితం మీద గంట తగ్గుతుంది, వచ్చేటప్పుడు పెరుగుతుంది. రెండు దేశాలూ వేసవి సమయానికి (అంటే గడియారాన్ని గంట ముందుకు జరపడానికి) ఒకే రోజున మారతాయి గనుక ఈ తేడా ఏడాది పొడవునా అంతే.

అసలు ప్రయాణం ఎటైనా దాదాపు 1 గంట 20 నిమిషాలే. రెండు నగరాల మధ్య గగనమార్గాన సుమారు 500 కిలోమీటర్లు, రోడ్డు మీద 600 పైచిలుకు. టికెట్టు మీది సమయంలో విమానం రన్‌వే దాకా నేలమీద నెమ్మదిగా కదిలే సమయమూ కలిసి ఉంటుంది. గాలిలో ఉండేది ఇంచుమించు గంటే.

రైలు సంగతి కూడా అడిగారు. రెండు రాజధానులను కలిపిన లుసిటానియా రాత్రి రైలు 2020లో ఆగిపోయింది, ఇప్పుడు బండ్లు మారుతూ పగలంతా గడపాలి కనుక నేనైతే విమానమే ఎంచుకుంటాను. రెండూ షెంగెన్ దేశాలే (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న దేశాలు) అయినా పాస్‌పోర్టు చేతిలోనే ఉంచుకోండి. మాడ్రిడ్ విమానాశ్రయమైన బరాహాస్‌లో నాలుగో టెర్మినల్ మిగతావాటికి చాలా దూరం, కాబట్టి మీది ఏదో ముందే చూసుకోండి.