సీటు వెనక్కి జరిపించే ముందు ఇది చదువు చిన్నా

చిన్నా, మారుతి ఈకో వ్యాన్ కొని క్యాంపర్ (లోపలే పడుకునేలా మార్చిన బండి) చేయిస్తున్నావంటే చాలా సంతోషమేసింది, కానీ నీ ఎత్తుకి చోటు చాలట్లేదని ఆటోనగర్‌లో వెల్డర్ దగ్గర డ్రైవర్ సీటు వెనక్కి జరిపించేస్తా అన్నావు చూడు, అక్కడ కొంచెం ఆగు.

ముందు నీకు ఏది అడ్డమొస్తోందో తేల్చుకో. రోజూ వేసుకునే షూస్‌తోనే కూర్చుని, నడుం పూర్తిగా వెనక్కి ఆనించి క్లచ్ ఫుల్లుగా తొక్కు, అప్పుడు కూడా మోకాలు కాస్త వంగే ఉండాలి, స్టీరింగ్‌కి తగలకూడదు. భుజాలు సీటు వదలకుండా చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. పొడుగున్నోళ్లు చాలామంది కాళ్ల కోసం సీటు వెనక్కి తోసేసి, చేతులందక ముందుకి వంగి నడుపుతారు, శ్రీశైలం ఘాట్ ఎక్కేసరికి నడుం పట్టేస్తుంది.

తల రూఫ్‌కి తగులుతోందని సీటు దించుదామనుకోకు, ఈకోలో ఇంజనే ముందు సీట్ల కింద ఉంటుంది, చోటే లేదు, పైగా ఇంజన్ పని ఏదొచ్చినా సీటు ఎత్తాల్సిందే. ఫోమే తగ్గించుకోవాలి. కూర్చునే చోట వెనకవైపు ఒక అంగుళం తీయించు, తొడల కింద ముందుభాగం మాత్రం ముట్టుకోనివ్వకు, పొడుగు కాళ్లకి అదే ఆధారం. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న మోడలైతే, లేదా కింద పసుపు కనెక్టర్ (ఎయిర్‌బ్యాగ్ లాంటి వాటి వైర్లు కలిపేది) కనిపిస్తే, కవర్ విప్పకముందే సర్వీస్ సెంటర్‌లో అడుగు. సీటు వెనక్కి తిరిగే ప్లేట్ మీద నీకు మోజుందని తెలుసు, కానీ అది సీటుని ఇంకా పైకి లేపుతుంది, నీ ఎత్తుకి వద్దే వద్దు.

ఇక బెల్ట్. నాకు అన్నిటికంటే భయం దీని గురించే. పైన తలుపు పక్క పిల్లర్ నుంచి బెల్ట్ బయటికొచ్చే చోటు కదలదు కదా, సీటు మరీ వెనక్కి పోతే అది నీ భుజానికి ముందుకొచ్చేస్తుంది, బెల్ట్ భుజం మీద నిలవదు, యాక్సిడెంట్ అయితే నిన్ను పట్టుకోదు. బెల్ట్ భుజం మీంచి వెనక్కే వెళ్లాలి, అది ఎక్కడిదాకా కుదురుతుందో అక్కడితో ఆపెయ్, ఒక్క అంగుళం కూడా ఎక్కువొద్దు.

సీటు కింది రైలు (సీటు ముందుకీ వెనక్కీ జారే పట్టా) జరిపితే ఫ్లోర్ రేకుకి వెల్డింగ్ పెట్టనివ్వకు. మందం ఇనుప ప్లేట్ వేసి కంపెనీ బోల్టుల చోటే బిగించమను. బోల్టులు రాణిగంజ్‌లో నువ్వే కొను, తల మీద 8.8 అనో 10.9 అనో అచ్చు ఉంటుంది, అది బోల్టు బలం చెప్పే నంబరు, పాతదాని మీద ఎంతుందో అంతకి తగ్గొద్దు.

వెనక సీట్లు తీసేస్తే సీట్ల సంఖ్య మారుతుంది, అది బండిలో మార్పుల గురించిన 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికొస్తుంది, పని మొదలెట్టకముందే ఆర్టీఏ ఆఫీసులో అడుగు, ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పు. ఫోమ్ కోయించే రోజు ఫోన్ చెయ్యి, నేనూ వస్తా.