కంటి సందేహాలు: చూపు బాగుంది, కానీ లెన్స్ పడట్లేదు

ప్రశ్న: నాకు 24 ఏళ్లు, ఊరు గుంటూరు. రెండు కళ్లకూ కెరటోకోనస్ (కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా పల్చబడి శంకువులా ముందుకు పొడుచుకొచ్చే జబ్బు). అది ముదరకుండా కార్నియాను గట్టిపరిచే సీ3ఆర్ చికిత్స అయింది. కళ్లద్దాలతో అక్షరాలకు నీడలు వస్తున్నాయని ఆర్‌జీపీ (గాలి ఆడే గట్టి) లెన్సులు ఇచ్చారు. చూపు బాగుంది. కానీ నాలుగు గంటలకే కళ్లు ఎర్రబడుతున్నాయి, బండి మీద వెళ్తే దుమ్ము దూరి మంట. పవర్ మార్పించాలా? స్క్లెరల్ లెన్సులు వేయించుకోవాలా?

జవాబు: చూపు బాగున్నప్పుడు పవర్‌ని కదపకండి. ముందు లెన్స్ అమరిక చూడాలి. కంట్లో ఫ్లోరెసిన్ అనే పసుపు రంగు వేసి నీలి వెలుతురులో పరీక్షిస్తారు. కన్నీరు నిలిచిన చోట పచ్చగా మెరుస్తుంది, లెన్స్ ఆనుకున్న చోట నల్లగా ఉంటుంది. కార్నియా మొన మీద లెన్స్ తేలిగ్గా తగిలితే ఫర్వాలేదు. అక్కడ పెద్ద నల్లటి మచ్చ కనిపిస్తే మాత్రం ఒరిపిడి ఎక్కువైందని అర్థం. అలాగే వాడుతూ పోతే కార్నియా మీద మచ్చ పడొచ్చు. అంచు బిగిస్తే కన్నీరు ఆడక కన్ను ఎర్రబడుతుంది, మరీ లేస్తే దుమ్ము దూరుతుంది.

కొత్త కొలతలకు టోపోగ్రఫీ (కార్నియా వంపును మ్యాప్‌లా చూపే పరీక్ష) తీయించే ముందు ఈ లెన్సులు సుమారు రెండు వారాలు మానాలి. గట్టి లెన్స్ కార్నియాను కొంత ఒత్తేస్తుంది, ఆ ఒత్తుడు పోకముందే తీస్తే మ్యాప్ తప్పు చూపిస్తుంది. ఉద్యోగానికి ఇబ్బందైతే ఒక్కో కన్ను చొప్పున చేయించుకోవచ్చేమో డాక్టర్‌ని అడగండి.

అమరిక సరిచేసినా పడకపోతే అప్పుడు స్క్లెరల్. సుమారు 15 నుంచి 18 మిల్లీమీటర్ల వెడల్పుతో ఇది తెల్లగుడ్డు మీద కూర్చుంటుంది, కార్నియాను తాకదు. మధ్యలో సెలైన్ నిలుస్తుంది. దుమ్ము బాధ చాలావరకు తగ్గుతుంది. పెట్టిన కొన్ని గంటల్లో ఇది 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో పదో వంతు) దాకా కిందికి దిగొచ్చు. దిగాక కార్నియాకీ లెన్స్‌కీ మధ్య సాధారణంగా 200-300 మైక్రాన్ల ఖాళీ ఉండేలా చూస్తారు. అందుకే పది నిమిషాల ట్రయల్ చూసి డబ్బు కట్టకండి. మూడు నాలుగు గంటలు ఉంచుకుని మళ్లీ చూపించుకోవాలి. పొద్దున్నే విజయవాడ వెళ్లి మధ్యాహ్నం బస్సుకి తిరిగొచ్చేద్దామంటే కుదరదు. తాడిగడపలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి కానివ్వండి, మరో కార్నియా క్లినిక్ కానివ్వండి, స్క్లెరల్ ట్రయల్ సెట్ ఉందో లేదో ఫోన్‌లో కనుక్కుని బయల్దేరండి. ట్రయల్ వేయకుండా చీటీలోని పవర్ చూసి ఆర్డర్ పెడతామంటే ఒప్పుకోవద్దు.

వాడకంలో తప్పులు ఎక్కువగా పెట్టేటప్పుడే జరుగుతాయి. లెన్స్ గిన్నె నిండా ప్రిజర్వేటివ్ లేని సెలైన్ పోయాలి. ముఖం నేలకు సమాంతరంగా వంచి పెట్టుకోవాలి. బుడగ చిక్కితే తీసి మళ్లీ పెట్టాల్సిందే, దానంతటది పోదు. లెన్సులు కడిగే ద్రావణం అందులో పోయకూడదు, మందు గంటల తరబడి కార్నియాను అంటుకునే ఉంటుంది. తీసేటప్పుడు సక్షన్ కప్పును మధ్యలో కాక అంచు దగ్గర ఆనించండి. కుళాయి నీళ్లు, మినరల్ వాటర్ ఏవీ లెన్స్‌కి తగలనివ్వొద్దు.

ప్రశ్న: మా బాబుకి 15 ఏళ్లు, విజయవాడ. ఎప్పుడూ కళ్లు నలుపుకుంటాడు. ఏటా సిలిండర్ పవర్ (కంటి వంపు సమంగా లేనందుకు ఇచ్చే పవర్) పెరుగుతోంది. భయపడాలా?

జవాబు: ఆలస్యం చేయకుండా కార్నియా టోపోగ్రఫీ చేయించండమ్మా. కెరటోకోనస్ అని తేలి, ముదురుతోందనిపిస్తే ఈ వయసులో సీ3ఆర్ గురించి త్వరగా నిర్ణయించాలి. అది పెరుగుదలను ఆపడానికే, పోయిన ఆకారాన్ని పూర్తిగా తెచ్చివ్వదు. దురద అలర్జీ వల్లయితే డాక్టర్ రాసిన చుక్కలే వేయండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చే స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వేస్తే కంటి ప్రెషర్ పెరిగి గ్లకోమాకి (కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బుకి) దారితీయొచ్చు.