అమ్మే పొలంలోనే బోరుంటే...

ప్రశ్న: నాన్నగారి పేర 9 ఎకరాలుంది. 6 ఎకరాలు తాతల నాటిది, 3 ఆయన కొన్నది. బ్యాంకు అప్పు తీర్చడానికి రోడ్డు పక్క 2 ఎకరాలు అమ్ముదామనుకుంటున్నాం. బోరు అందులోనే ఉంది. ఇల్లు, మిగతా పొలం దాని వెనక ఉన్నాయి. అక్కకు 1992లో కట్నమిచ్చి పెళ్లి చేశాం. ఆవిడ సంతకం కావాలా?
– ఒక పాఠకుడు, ఏలూరు జిల్లా

జవాబు: ఆ 2 ఎకరాలు ఏ భాగంలోవో ముందు లింకు దస్తావేజులు (ఆస్తి ఎవరినుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజులు) తీసి చూడండి. నాన్నగారు సొంత డబ్బుతో కొన్నదైతే ఆయన సంతకం ఒక్కటే చాలు. తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే అక్కగారికీ మీతో సమానంగా హక్కుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్రం చేసిన సవరణతోనే ఆ హక్కు వచ్చింది. 2005 కేంద్ర సవరణ, దానిపై 2020లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక అందులో సందేహానికి తావు లేదు. కట్నం ఇచ్చాం కదా అంటే వాటా తీరిపోదు. కుటుంబ అవసరానికి అమ్మే అధికారం కర్తగా, అంటే ఉమ్మడి కుటుంబ పెద్దగా, నాన్నగారికి ఉన్నా, అక్కగారి సంతకం లేని దస్తావేజుకు కొనేవారి లాయరు ఒప్పుకోవడం కష్టం. ఒకటి గుర్తుంచుకోండి: తాతగారు స్వార్జితంగా సంపాదించి, 1956 తర్వాత వీలునామా లేకుండా పోయి ఉంటే, నాన్నగారి వాటాకు వచ్చింది ఆయన సొంత ఆస్తే. అందుకే పాత కాగితాలు ముఖ్యం.

బయానా పుచ్చుకోకముందే అక్కగారిని పిలిచి మాట్లాడండి. అప్పుకు ఎంత, ఆవిడకు ఎంత, అమ్మానాన్నల ఖర్చులకు ఎంత అన్నది కాగితం మీద రాసుకోండి. రిజిస్ట్రేషన్ రోజు సంతకానికి పిలిస్తే ఏ ఆడపడుచుకైనా మనసు నొచ్చుకుంటుంది.

ఇక బోరు, బాట. మా ఉద్దేశంలో మీ అమ్మకంలో అసలు చిక్కు ఇదే. కొనేవారు నోటిమాటగా "బాట వదులుతాం, నీళ్లు వాడుకోండి" అన్నది ఆ పొలం ఇంకొకరి చేతికి మారేదాకే నిలుస్తుంది. కాబట్టి ఎఫ్-లైన్ దరఖాస్తు (హద్దులు కొలిచి చూపమని కోరేది) పెట్టి సర్వేయరుతో కొలిపించండి. బోరున్న చెక్క (పొలం ముక్క), రోడ్డు నుంచి ఇంటిదాకా బాట మీ పేరనే ఉండేలా హద్దురాళ్లు వేయించండి. కోత మిషను తిరగాలంటే బాట 20 అడుగులైనా ఉండాలి. 300 అడుగుల పొడవైతే 6,000 చదరపు అడుగులు, అంటే సుమారు 14 సెంట్లు. అది తీసేసి, అమ్మే విస్తీర్ణం దస్తావేజులో రాయించండి. స్కెచ్ జత చేయండి. రీసర్వే అయిన ఊరైతే ఎల్పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరుతో పాటు పాత సర్వే నంబరూ వేయించండి. బోరును తప్పించడం కుదరకపోతే, అమ్మకముందే వెనక పొలంలో కొత్త బోరు వేసి నీళ్లు పడ్డాయో లేదో చూసుకోవాలి. నీళ్లు పడకపోతే అమ్మే చెక్కను మార్చండి, ధర కాస్త తగ్గినా సరే. నీళ్లు లేని 7 ఎకరాలు మీకు మిగలకూడదు.

బ్యాంకు తనఖా రిజిస్టరై ఉంటే ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనిపిస్తుంది. కొనేవారి చేత ఆ మొత్తానికి నేరుగా బ్యాంకు పేర డీడీ తీయించి, అప్పు తీరిందన్న నో డ్యూస్ పత్రం తీసుకుని, తనఖా రద్దు చేయించండి.

ప్రశ్న: బయానా 2 లక్షలు నగదుగా ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. స్థిరాస్తి అమ్మకానికి 20,000, అంతకు మించి నగదు పుచ్చుకుంటే, పుచ్చుకున్నవారికే అంతే మొత్తం జరిమానా పడవచ్చు. చెక్కుగానో ఖాతాలోనో వేయించుకోండి. చేలో పంట ఉంటే, కోసుకునేదాకా అది మీదేనని అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించండి.