పగలంతా బాగానే ఉండే చిన్నికి

చిన్నీ,

ఆఫీసులో నీకు మంచి పేరు. డెడ్‌లైన్ తప్పదు, మీటింగులో గొంతు వణకదు. పీజీలో ఎవరికి జ్వరమొచ్చినా మాత్రలు తెచ్చిచ్చేది నువ్వే. గది తలుపు వేసుకున్నాక జరిగేది వేరు. మేనేజరు "రేపు ఒకసారి మాట్లాడదాం" అని పెట్టిన ఒక్క ముక్కకి ఉద్యోగం పోయినట్టే అనుకుంటావు. నీలం టిక్కులు పడి గంటైనా జవాబు రాకపోతే, వాళ్లు నిన్ను వదిలేసేలోపే నువ్వు నంబరు బ్లాక్ చేస్తావు. తెల్లారాక సిగ్గుపడి తీసేస్తావు. కోపమంతా నీ మీదికే తిరుగుతుంది. కేకలూ గొడవలూ బయటికి రావు కాబట్టి ఇంట్లోవాళ్లకే కాదు, ఒక్కోసారి డాక్టరుకి కూడా ఏమీ కనపడదు.

బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్, అంటే వదిలేస్తారేమోనన్న భయంతో మనసూ బంధాలూ నిలకడ లేకుండా ఊగే జబ్బు, దాని గురించి చదివి, ఇది నాదేనేమో అన్నావు. అవునో కాదో తేల్చాల్సింది డాక్టరు. రీల్స్ చూసి తేల్చుకోకు. నీలా పగలు పనులన్నీ చక్కబెట్టుకునేవాళ్లని అనే "హై ఫంక్షనింగ్" అనేది వైద్యుల పుస్తకంలో ఉన్న రకం కాదు, వాడుకలో వచ్చిన మాట. అమెరికా వాళ్ల డీఎస్ఎంలో, అంటే మానసిక జబ్బుల్ని గుర్తించే పుస్తకంలో, ఈ జబ్బుకి తొమ్మిది లక్షణాలు రాశారు. వాటిలో కనీసం అయిదు ఉండాలి. అవీ ఒక్క మనిషితోనో ఒక్క నెలలోనో కాదు, వయసొచ్చినప్పటి నుంచీ చాలా చోట్ల కనపడుతూ ఉండాలి. తొమ్మిదిలో అయిదూ అంతకు మించీ కలిసే విధాలు లెక్కేస్తే 256. అందుకే ఒకే జబ్బున్న ఇద్దరు ఒకరికొకరు ఏమాత్రం పోలకపోవచ్చు. ఉద్యోగం చేస్తున్నావు కాబట్టి నీకు జబ్బు లేదనే మాట ఎవరన్నా నమ్మకు. ఉద్యోగం నిలబెట్టుకోవడానికి రాత్రుళ్లు ఎంత ఖర్చవుతోందన్నది వాళ్ల లెక్కలో లేదు.

డాక్టరు దగ్గర ఎక్కడ తప్పిపోతుందో ముందే చెబుతాను. నువ్వు తలదువ్వుకుని, నవ్వుతూ వెళ్లి, చక్కటి ఇంగ్లీషులో "కొంచెం స్ట్రెస్, నిద్ర సరిగా లేదు" అంటావు. ఆయన నిద్రమాత్ర రాసిస్తాడు. తప్పు ఆయనదని అనలేను, నువ్వు చూపించింది పగటి మనిషినే కదా. అందుకని వెళ్లే ముందు రెండు వారాలు రోజూ పడుకోబోయే ముందు అయిదు నిమిషాలు కాగితం మీద రాయి: ఎన్ని గంటలు నిద్రపోయావు, భయం, కోపం, సిగ్గు, ఖాళీగా అనిపించడం ఒక్కోటి 0 నుంచి 5 దాకా ఎంత, నీకు నువ్వు హాని చేసుకోవాలన్న కోరిక 0 నుంచి 5 దాకా ఎంత, ఆ రోజు మనసు మారడానికి ముందు ఏం జరిగింది, మళ్లీ కుదుటపడడానికి ఎంతసేపు పట్టింది. నెలసరి తేదీలు కూడా వెయ్యి. దానికి ముందు వారం చాలామందికి తీవ్రత పెరుగుతుంది. చివరి గడి, అంటే ఎంతసేపు పట్టిందన్నది, తప్పకుండా నింపు. డాక్టరు బైపోలార్ (ఉత్సాహం, దిగులు దశలుగా వచ్చే వేరే జబ్బు) నుంచి దీన్ని వేరు చేసేది ఎక్కువగా దాంతోనే. బైపోలార్‌లో ఉత్సాహం పెరిగిన దశ, తక్కువ తీవ్రతదైనా, కనీసం నాలుగు రోజులు ఉంటుంది. ఇందులో మనసు గంటల్లో తిరగబడుతుంది, ఎక్కువగా ఎవరో ఏదో అనడం వల్లే. "మూడ్ స్వింగ్స్" అని ఒక్క మాటతో సరిపెడితే మందు మారిపోతుంది.

రెండో పేజీలో ఈ మధ్య వచ్చిన అన్నిటికంటే చెడ్డ రాత్రి గురించి పది వాక్యాలు తెలుగులో రాయి. ఇంగ్లీషులో రాస్తే నువ్వు మళ్లీ రిపోర్టే రాస్తావు. కూర్చున్న మొదటి అయిదు నిమిషాల్లోనే రెండు కాగితాలూ ఇచ్చెయ్యి. ఆఖర్న ఇద్దామనుకుంటే అప్పటికి ధైర్యం చాలదు.

బెంగళూరు హోసూరు రోడ్డులోనే మానసిక వైద్యానికి పెద్దాసుపత్రి నిమ్హాన్స్ ఉండగా దూరం పోనక్కర్లేదు. పెద్దాసుపత్రి అంటే బెరుకైతే బీటీఎం లేఅవుట్‌లో వాళ్లదే సెంటర్ ఫర్ వెల్ బీయింగ్ ఉంది, ముందు ఫోన్ చేసి వెళ్లు. బయట ఎవరినైనా చూసుకుంటే క్లినికల్ సైకాలజిస్టుకి ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్, అంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు, ఉందో లేదో అడుగు. మొహమాటపడకు. ఆ తర్వాత అడగాల్సింది డీబీటీలో (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) శిక్షణ ఉందా అని. మార్షా లినెహాన్ అనే అమెరికా సైకాలజిస్టు ఈ జబ్బు కోసమే తయారుచేసిన చికిత్స అది. పూర్తిగా చేస్తే వారానికోసారి విడిగా ఒక సెషను, వారానికోసారి గ్రూపు క్లాసు, మధ్యలో కష్టమొస్తే ఫోను సాయం, మామూలుగా ఏడాది పాటు. అన్నీ ఒకేచోట దొరక్కపోతే ఏవి ఉన్నాయో అడిగి తెలుసుకుని మొదలుపెట్టు.

మూడో నాలుగో సెషనుకి మానెయ్యాలనిపిస్తుంది. థెరపిస్టు వారం సెలవు పెడతారు, లేదా గడియారం వైపు చూస్తారు, వీళ్లకీ నేను భారమే అనిపిస్తుంది. బయట నిన్ను వేధించే భయమే ఆ గదిలోకీ వచ్చిందన్నమాట. చెప్పకుండా మాయమైపోకు. "పోయిన వారం మీరు అలా చూశాక నాకు రావాలనిపించలేదు" అని ఉన్నదున్నట్టు చెప్పు. చికిత్సలో అసలు పని అక్కడే జరుగుతుంది.

ఇక రాత్రి సంగతి. ఉద్రేకం పైస్థాయిలో ఉన్నప్పుడు ఆలోచించి లాభం లేదు, పాలు పొంగేటప్పుడు మంట తగ్గించాలి గానీ గరిట పెడితే ఆగవు. ముందు ఒంటి సంగతి చూడు. వెడల్పు స్టీలు గిన్నెలో చల్లటి నీళ్లు పోసి, ఊపిరి బిగబట్టి, నుదురూ కళ్లూ బుగ్గలూ మునిగేలా ముఖం ముంచి 30 సెకన్ల వరకు ఉంచు. ఉండలేకపోతే ముందే తీసెయ్యి, ఊపిరి తీసుకుని మళ్లీ చెయ్యి. గిన్నె లేకపోతే పీజీ ఫ్రిజ్‌లోని ఐసుని తడిగుడ్డలో చుట్టి కళ్ల మీదా బుగ్గల మీదా పెట్టుకో. దీంతో గుండె వేగం తగ్గుతుంది. అందుకే గుండె జబ్బున్నవాళ్లూ, తిండి మానేసే జబ్బున్నవాళ్లూ డాక్టర్ని అడక్కుండా చెయ్యకూడదు. ఆందోళనకని ప్రొప్రనలాల్ లాంటి మాత్ర వేసుకుంటుంటే నువ్వు కూడా అంతే. తర్వాత నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి ఆరు లెక్కపెడుతూ వదులు, అయిదు నిమిషాలు. చాలామంది రెండుసార్లు చేసి పనిచెయ్యలేదని వదిలేస్తారు. బాధ పోదు, నూటికి తొంభై ఉన్నది అరవైకి దిగుతుంది, ఆ రాత్రికి అది చాలు. మామూలు రోజుల్లో కూడా చేస్తుండు, లేకపోతే అవసరం పడినప్పుడు గుర్తురాదు.

ఉద్రేకం దిగాక కాగితం తీసుకుని ఈ నాలుగు ప్రశ్నలకి జవాబు రాయి. జరిగినదాంట్లో కెమెరాకి కనపడేది ఏమిటి? నేనేమని తేల్చుకున్నాను? వేరే కారణాలు ఏవైనా మూడు? నిజంగా భయపడ్డదే జరిగితే రేపు ఏం చేస్తాను? "సిల్క్ బోర్డు ట్రాఫిక్ దగ్గర ఇరుక్కుపోయి ఉండొచ్చు" అనేది కూడా లెక్కలోకి వచ్చే కారణమే.

రాజీనామా మెయిలు, తెగతెంపుల మెసేజు రాయకుండా ఉండలేకపోతే రాసుకో, కానీ పంపాల్సిన పేరు ఉండే గడి ఖాళీగా ఉంచు. ఇరవై నాలుగు గంటలు, ఒక పూట నిద్ర, ఒక పూట భోజనం అయ్యాక చదువు. అడగాల్సింది నిజంగా ఉంటే ఇలా అడుగు: "నిన్న తొమ్మిదింటికి ఫోన్ చేస్తానన్నావు, రాలేదు. నాకు భయమేసింది. ఇకమీద కుదరకపోతే 'రేపు మాట్లాడదాం' అని ఒక్క ముక్క పెట్టు. అప్పుడు నేను పదిసార్లు చెయ్యకుండా పడుకుంటాను." జరిగింది, అనిపించింది, కావాల్సింది, దానివల్ల ఇద్దరికీ మేలు, ఈ వరసలోనే. "నువ్వెప్పుడూ ఇంతే" అని మొదలైతే ఎదుటివాళ్లు ఆ మాటకే జవాబు చెబుతారు.

మందుల విషయం. ఈ జబ్బుని తగ్గించే మాత్ర లేదు. తోడుగా ఉన్న డిప్రెషన్‌కో ఆందోళనకో ఇస్తారు, దాంతో కొంత తెరిపి ఉంటుంది. ఆల్ప్రజోలం లాంటి ఆందోళన మాత్రలు అలవాటైపోతాయి, కొందరిలో అదుపుని ఇంకా తగ్గిస్తాయి కూడా. సొంతంగా కొనకు, వాడుతున్నదాన్ని ఒక్కసారిగా ఆపకు.

చచ్చిపోవాలనిపించే ఆలోచన వస్తే అది డాక్టరు దగ్గర దాచేది కాదు. పోలీసులొస్తారనీ, కంపెనీకి తెలుస్తుందనీ భయపడుతున్నావేమో. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు. నీ జబ్బు వివరాలు గోప్యం. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప బయటపెట్టకూడదు. హాని చేసుకోవాలన్న కోరిక నీ కాగితంలో 4కి చేరిన రాత్రి ఒంటరిగా ఉండకు. పక్కగది అమ్మాయిని లేపు, గదిలో ప్రమాదకరమైనవేమైనా ఉంటే ఆమెకి ఇచ్చెయ్యి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 టెలీ మానస్‌కి చెయ్యి. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగు ఎంచుకోవచ్చు. నిలవలేకపోతే ఆటోలో నేరుగా నిమ్హాన్స్ ఎమర్జెన్సీకి, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది.

తగ్గదేమోనని అడిగావు. అమెరికాలో మెక్‌లీన్ ఆసుపత్రికి చెందిన మేరీ జానరిని బృందం ఈ రోగుల్ని ఏళ్ల తరబడి గమనించింది. పదేళ్లలో అత్యధికులకు లక్షణాలు జబ్బు అనదగ్గ స్థాయి నుంచి దిగిపోయాయి. వాళ్లు ఆసుపత్రిలో చేరాల్సినంత తీవ్రంగా ఉన్నవాళ్లు. ఉద్యోగం, బంధాలు కుదురుకోవడం అంతకంటే నిదానం. ఆ రెండోదానిలో నువ్వు ఇప్పటికే కొంత నిలబెట్టుకుని ఉన్నావు.

అమ్మకి ఇప్పుడే అన్నీ చెప్పాల్సిన పని లేదు. ఒక్కరికి మాత్రం చెప్పు, అదీ బాగున్న రోజున, ఏం చెయ్యాలో కూడా చెప్పు: "నేను ఫోన్ చేస్తే సలహా ఇవ్వొద్దు, లైన్లో ఉండు చాలు." ఈ రాత్రి నుంచే కాగితం మొదలుపెట్టు, రెండు వారాల తర్వాతి తేదీకి అపాయింట్‌మెంట్ ఇప్పుడే తీసుకో. తోడు కావాలంటే నేను బయట బెంచీ మీద కూర్చుంటాను. డాక్టరు గదిలోకి మాత్రం నువ్వొక్కదానివే వెళ్లు, నా ముందైతే మళ్లీ బాగానే ఉన్నానంటావు.

మీ పెద్దమ్మ