దుర్మార్గుడు కాని భర్త

యువ మిత్రులకు నమస్కారం.

మీ నవలిక రాతప్రతి ఆసాంతం చదివాను. పెళ్లిలో ఊపిరాడని స్త్రీ కథ రాయడానికి మూడు యూరప్ నవలల నాయికలు ఎమ్మా బోవరీ, అన్నా కరెనినా, ఎఫీ బ్రీస్ట్‌లను ఆదర్శంగా పెట్టుకున్నానన్నారు. సంతోషం. అయితే ఆ ముగ్గురినీ మీరు పోల్చిన తీరు నాకు నచ్చలేదు. ముగ్గురూ పరపురుషుణ్ణి చేరారు, ముగ్గురూ అకాలంగా పోయారు అని సరిపెట్టుకుంటే మిగిలేది ఒక్కటే కథ. వాళ్ల భర్తల వైపు నుంచి చదివి చూడండి, ఎవరి దుఃఖం ఎక్కడ పుట్టిందో అప్పుడు తెలుస్తుంది.

1857లో పుస్తకంగా వచ్చిన ఫ్రెంచి రచయిత ఫ్లాబేర్ నవలలో ఎమ్మా భర్త షార్ల్ బోవరీ భార్యను పల్లెత్తు మాట అనడు సరికదా, ఆమె మీదే ప్రాణాలు పెట్టుకుని ఉంటాడు. ఆమెకు ఏం తక్కువైందో మాత్రం అతనికి అంతుబట్టదు. ఊరు మారబోతూ సొరుగు సర్దుతున్న ఎమ్మా వేలికి ఏదో గుచ్చుకుంటుంది. చూస్తే, దుమ్ముపట్టి పసుపెక్కిన తన పెళ్లినాటి పూలగుత్తిలోని తీగ. దాన్ని నిప్పులో పడేసి, కాలుతుంటే చూస్తూ ఉండిపోతుంది. భర్త ఆ చోట లేనే లేడు, ఒక్క నిందావాక్యమూ లేదు, అయినా ఆ కాపురం ఏమైందో మనకు అర్థమైపోతుంది.

తోల్‌స్తోయ్ ఇంకా కఠినుడు. మాస్కో నుంచి తిరిగివచ్చిన అన్నాకు పీటర్స్‌బర్గ్ స్టేషన్‌లో భర్త చెవులు మొదటిసారి వికారంగా కనిపిస్తాయి. అక్కడితో కరెనిన్‌ను అసహ్యించుకోవడానికి సిద్ధపడ్డ పాఠకుణ్ణి, తర్వాత ఆమె ప్రసవానంతరం చావుబతుకుల్లో ఉన్నప్పుడు అతను మనస్ఫూర్తిగా క్షమించే ఘట్టంలో ఇరుకున పెడతాడు. ఆ ఔదార్యానికే అతన్ని ద్వేషిస్తున్నానని అన్నా తన అన్నతో అంటుంది. ఇంత నిజమైన మాట రాయాలంటే, ముందు ఆ భర్తకు ఔదార్యం ఇవ్వగలిగే గుండె రచయితకు ఉండాలి.

నన్నడిగితే, మీరు ఎక్కువసార్లు చదవవలసింది ఎఫీ కథను, జర్మన్ రచయిత ఫోంటానె 1895లో ప్రచురించిన నవలను. ఆరేళ్లు దాటాక, భార్యకు ఆమె ప్రియుడు రాసిన పాత ఉత్తరాలు దొరికిన ఎఫీ భర్త ఇన్‌స్టెటెన్, తనకు పగ లేదనీ, భార్య మీద ప్రేమ ఇంకా ఉందనీ స్నేహితుడి ముందు ఒప్పుకుంటాడు. అయినా, ఈ సంగతి మరొకరి చెవిన వేసినందువల్లే ఇక వెనక్కి తగ్గలేనంటూ ఆ ప్రియుడితో ద్వంద్వయుద్ధానికి వెళ్తాడు. మనసు ఒప్పుకోని పని పరువు కోసం చేసేవాడు, తాగివచ్చి కొట్టేవాడికన్నా ఎంతో భయంకరుడు.

మీ కథానాయకుడు మొదటి అధ్యాయంలోనే చెయ్యి చేసుకుంటాడు, రెండో అధ్యాయంలో అనుమానిస్తాడు. అలాంటి మగవాళ్లు లోకంలో లేరని కాదు, కావలసినంతమంది ఉన్నారు. కానీ పాఠకుడి తీర్పు పదో పుటలోనే వెలువడిపోతే మిగిలిన నూరు పుటలకూ పని ఉండదు. పైగా మీ నాయిక ఎందుకు వెళ్లిపోదో ఎక్కడా కనబడదు. ఫ్రాన్సులో 1816లో రద్దయిన విడాకులు 1884లో గాని తిరిగి రాలేదు కనుక ఎమ్మాకు ఆ దారే లేదు; అన్నాకు కొడుకు అడ్డం. మీ నాయికకు అడ్డుపడేదేమిటో మీరే తేల్చుకోవాలి.

భర్త ఒక్కడే ఇంట్లో గడిపిన ఒక రోజును అతని కళ్లతో రాయండి. నవలికలో చేర్చనక్కర్లేదు. ఇక ముగింపు సంగతి. ఆమె మరణంతో మీరు కలం పెట్టేశారు. ఎమ్మా పోయాక షార్ల్‌కు ఆమె ప్రియుల ఉత్తరాలు దొరుకుతాయి, అతనూ పోతాడు, వాళ్ల కూతురు నూలుమిల్లులో కూలికి చేరుతుంది. మీ నవలికలోనూ ఒక పాప ఉంది; నాలుగో అధ్యాయం తర్వాత ఆ పిల్ల ఊసే లేదు. తిరగరాసిన ప్రతిలో ఆ పిల్ల ఏమైందో చూసి మళ్లీ పంపండి.

శుభాకాంక్షలతో.